రాజ్యాంగమునకు వార్తికములు: విద్యోద్యోగ సవరణముల చరిత్ర

సంస్కృత వ్యాకరణమును గురుముఖమున నభ్యసించినవారికి సూత్రము, వార్తికము, భాష్యము అను మూడు మాటలును చిరపరిచితములు. పాణిని సూత్రములను రచించెను. కాత్యాయనుడు వానికి వార్తికములను కూర్చెను. పతంజలి యా రెంటిని విమర్శించి మహాభాష్యమును నిర్మించెను. వార్తిక మననేమి యని పెద్దల నడిగినచో, సూత్రకారుడు చెప్పినదానిని, చెప్పక విడిచినదానిని, చెప్పియు సరిగా చెప్పనిదానిని విచారించునది వార్తికమని యుత్తర మిత్తురు. వీనికే ఉక్తము, అనుక్తము, దురుక్తము అని పేళ్లు. కాత్యాయనుడు పాణినికి శత్రువు కాడు. శాస్త్రము నిలువవలెననియే యాతడు లోపమును చూపెను.

మన భారత రాజ్యాంగముయొక్క స్థితియు నిట్టిదే. 1949 నవంబరు 26వ తేదీన ఆమోదింపబడి 1950 జనవరి 26వ తేదీనుండి పూర్తిగా నమలులోనికి వచ్చిన యా గ్రంథమున 395 అధికరణములును, 8 షెడ్యూళ్లును ఉండెను. అది సూత్రము. న్యాయస్థానముల తీర్పులు దానికి భాష్యము. పార్లమెంటు చేసిన సవరణములు వార్తికములు. ఒక్కటే భేదము: వ్యాకరణమున వార్తికము ముందు, భాష్యము వెనుక. రాజ్యాంగమున తఱచుగా భాష్యము ముందు వెలువడును. దానివలన బయటపడిన కొఱతను తీర్చుటకు వార్తికము పుట్టును.

2023వ సంవత్సరాంతమునకు ఇట్టి సవరణములు 106 జరిగినవి. వానినన్నిటిని వర్ణించుట కీ సంచికలో చోటు చాలదు, అవసరమును లేదు. మన మహాసభలలో ఏటేట చర్చకు వచ్చు విషయములు మూడు: పిల్లల చదువు, ఉద్యోగము, ప్రజాసభలలో ప్రాతినిధ్యము. ఈ మూటికి సంబంధించిన సవరణములనే యిచట విచారింతును. తీర్మానములు చేయువారు తమకు హక్కెక్కడనుండి వచ్చినదో, ఆ హక్కునకు షరతు లేవియో ఎఱిగియుండుట మేలు. ఎఱుగక కోరిన కోరిక సభాభవనమున కరతాళధ్వనులను పొందును గాని, న్యాయస్థానమున నిలువదు. కులబాంధవులును, పోషకమహాశయులును ఈ దృష్టితో నీ వ్యాసమును చిత్తగింతురుగాక.

సవరించు విధము

రాజ్యాంగమును సవరించు విధము 368వ అధికరణమున చెప్పబడినది. పార్లమెంటునందలి రెండు సభలలోను విడివిడిగా మొత్తము సభ్యులలో సగమునకు మించినవారును, హాజరై వోటు చేసినవారిలో మూడింట రెండు వంతులకు తక్కువ గానివారును అంగీకరింపవలెను. రాష్ట్రముల యధికారములకు సంబంధించిన కొన్ని విషయములలో సగము రాష్ట్రముల శాసనసభలు గూడ సమ్మతింపవలెను. పిమ్మట రాష్ట్రపతి సంతకము. రాష్ట్రముల నేర్పఱచుట మాత్రము సామాన్యశాసనముచేతనే జరుగవచ్చును. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడినది ఆ మార్గముననే గాని 368వ అధికరణపు మార్గమున గాదు.

అనుక్తము: మొదటి సవరణము

మొట్టమొదటి సవరణము రాజ్యాంగము పుట్టి యేడాదిన్నర నిండకమునుపే అవసరమైనది. దాని కారణములలో నొకటి మన పొరుగుననే పుట్టినది. ఆనాడు కోస్తాంధ్రమును రాయలసీమయు మద్రాసు రాష్ట్రములోనివి. ఆ రాష్ట్రమున పానగల్లు రాజావారి మంత్రివర్గకాలమున 1921లో ఉద్యోగములలో వివిధ వర్గములకు భాగము కల్పించు కమ్యూనల్ జీ.ఓ. వెలువడినది. ఆ పద్ధతి కాలక్రమమున కళాశాల ప్రవేశములకును వ్యాపించెను. స్వాతంత్ర్యము వచ్చునాటికి వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 స్థానములకు బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును దేశీయ క్రైస్తవులకును కలిపి 1, మహమ్మదీయులకు 1 చొప్పున పంపకము జరుగుచుండెను.

చంపకం దొరైరాజన్ అను నామెయు, సి. ఆర్. శ్రీనివాసన్ అను నాతడును ఈ పద్ధతి తమ ప్రాథమికహక్కునకు భంగకరమని మద్రాసు హైకోర్టు నాశ్రయించిరి. 1950లో హైకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోగా, 1951 ఏప్రిల్ 9వ తేదీన అచటను ఆ తీర్పే నిలిచెను. న్యాయమూర్తులు చూపిన తర్కము గమనింపదగినది. ఉద్యోగముల విషయమున 16వ అధికరణములోని 4వ ఖండము వెనుకబడిన తరగతులకు ప్రత్యేకస్థానములను స్పష్టముగ ననుమతించుచున్నది. విద్యాలయ ప్రవేశములను గూర్చిన 29వ అధికరణమున అట్టి ఖండము లేదు. ఒకచోట చెప్పి మఱొకచోట చెప్పకుండుటచేత, చెప్పని చోట నా యనుమతి లేదనియే తలంపవలెను. శబ్దమును బట్టి చూచిన ఈ తర్కము దోషరహితమే. కాని దాని ఫలమేమి? బడిమెట్టు తొక్కని యింటినుండి వచ్చిన మొదటి బాలునకు ఉద్యోగద్వారము తెఱచియే యున్నది. ఆ యుద్యోగమునకు వలసిన చదువు చెప్పు కళాశాలద్వారము మాత్రము మూయబడినది.

ఇది యనుక్తదోషము. దానిని దీర్చుటకు 1951 జూన్ 18వ తేదీన మొదటి సవరణము శాసనమైనది. అప్పటికి సార్వత్రికమైన ఎన్నికలు జరుగలేదు. తాత్కాలిక పార్లమెంటే యుండెను. జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రవేశపెట్టగా, న్యాయశాఖామంత్రి అంబేద్కరు సమర్థించెను. శ్యామాప్రసాద్ ముఖర్జీ మొదలగువారు తీవ్రముగా నెదిరించిరి. 15వ అధికరణమునకు 4వ ఖండము చేర్పబడినది. సాంఘికముగను, విద్యావిషయమునను వెనుకబడిన తరగతుల యభివృద్ధికిగాని, షెడ్యూల్డు కులములు, తెగల యభివృద్ధికిగాని ప్రభుత్వము ప్రత్యేకమైన యేర్పాటు చేయుటకు ఆ యధికరణముగాని, 29లోని 2వ ఖండముగాని అడ్డము కాదని దాని భావము.

ఆ సవరణమే భూములను గూర్చియు మాటలాడినది. 31ఏ, 31బీ అధికరణములును, తొమ్మిదవ షెడ్యూలును అప్పుడే చేరినవి. ఆ షెడ్యూలున మొదట చేర్చిన 13 శాసనములలో 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టమును, హైదరాబాదు జాగీరుల రద్దు నిబంధనయు నున్నవి. కావున తెలుగునాట జమీందారీ, జాగీర్దారీ పద్ధతులను తొలగించిన శాసనములకు న్యాయస్థానములందు రక్షణ మీ సవరణమువలననే కలిగెను. అదే సవరణము వాక్స్వాతంత్ర్యమును పరిమితము చేయుటకు ప్రభుత్వమునకు క్రొత్త కారణముల నిచ్చెననుటయు సత్యము. ఒకే వార్తికమున మేలును, శంకింపదగినదియు గలిసియుండవచ్చును.

అడ్డము కాదనుట, ఇయ్యవలెననుట

ఇచట చదువరులు నిదానించి చూడవలసిన మాట యొకటి గలదు. 15వ అధికరణములోని 4వ ఖండము ప్రభుత్వమును 'చేయుము' అని యాజ్ఞాపింపలేదు. 'చేసినచో అడ్డము లేదు' అని మాత్రమే చెప్పినది. వ్యాకరణ పరిభాషలో నిది నిత్యవిధి కాదు, వికల్పము. ప్రభుత్వము చేయవచ్చును, మానవచ్చును. చేసినప్పుడు, ఎవరు వెనుకబడినవారో, ఎట్లు తేల్చితిరో చూపుమని న్యాయస్థాన మడుగును. చూపలేనిచో నా యేర్పాటు కూలిపోవును.

దీనికి మన యాంధ్రప్రదేశ చరిత్రయే తార్కాణము. 1960 దశకమున ప్రభుత్వము వెనుకబడిన తరగతుల పట్టిక నొకదానిని ప్రకటించి, వైద్యకళాశాల ప్రవేశములకు దానిని వర్తింపజేసెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. 1968లో పి. సాగర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టును ఆ నిర్ణయమునే నిలబెట్టెను. కారణము, ఆ పట్టికలోని వర్గములు వెనుకబడినవి కావని కాదు. అవి వెనుకబడినవని తేల్చుటకు ప్రభుత్వ మే ప్రమాణమును పాటించెనో తెలుపు ఆధారము కోర్టుముందు లేకపోవుట. వర్గము సత్యముగా దీనస్థితిలో నుండవచ్చును. సాక్ష్యము లేనిదే న్యాయస్థానమున అది దీనస్థితి కాజాలదు.

అంతట ప్రభుత్వము 1968లోనే విచారణసంఘము నేర్పఱచెను. తుదకు అనంతరామన్ గారి యధ్యక్షతన నా సంఘము జిల్లాలు తిరిగి, విజ్ఞప్తులు స్వీకరించి, వివిధవర్గముల వృత్తులు, విద్య, జీవనస్థితులు పరిశీలించి 1970లో నివేదిక సమర్పించెను. దాని ననుసరించి తొంబదికి మించిన వర్గములు ఏ, బీ, సీ, డీ యను నాలుగు విభాగములుగ నేర్పడి, క్రమముగా 7, 10, 1, 7 శాతములు, వెరసి 25 శాతము స్థానములను పొందెను. ఈ పట్టికయు హైకోర్టున వీగిపోయినది. కాని 1972లో బలరాం వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. రాష్ట్ర మదే, రాజ్యాంగఖండ మదే, ప్రజలు వారే. 1968లో ఓడినది, 1972లో గెలిచినది. నడుమ మాఱిన దొక్కటే: విచారణ జరిగినది, లెక్క వ్రాయబడినది.

హద్దులును, ప్రైవేటు కళాశాలలును

మేలు చేయు నేర్పాటునకును మితి యుండవలెనని న్యాయస్థానములు మొదటినుండియు చెప్పుచున్నవి. 1962లో బాలాజీ వ్యాజ్యమున మైసూరు ప్రభుత్వపు 68 శాతము కేటాయింపు కొట్టివేయబడినది. 1990లో మండల్ సంఘపు నివేదిక ననుసరించి కేంద్రోద్యోగములలో వెనుకబడిన తరగతులకు 27 శాతము ప్రకటింపబడగా దేశమంతట నలజడి రేగినది. 1992 నవంబరు 16వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఇంద్రా సాహ్నీ వ్యాజ్యమున ఆ 27 శాతమును సమర్థించెను. మొత్తము సామాన్యముగా 50 శాతము మించరాదనియు, వెనుకబడిన తరగతులలో సంపన్నశ్రేణిని తొలగింపవలెననియు, పదోన్నతులలో రిజర్వేషను తగదనియు విధించెను. అవకాశమును పంచవలె ననువారికిని, ప్రతిభను కాపాడవలె ననువారికిని నడుమ గీచిన గీత యిది. ఈ తీర్పునకు ప్రతిగా 1995లో 77వ సవరణము షెడ్యూల్డు కులములకును, తెగలకును పదోన్నతులలో రిజర్వేషనును తిరిగి కల్పించెను. 2006లో నాగరాజు వ్యాజ్యమున ఆ సవరణము నిలిచినది గాని, ప్రాతినిధ్యము చాలకున్నదని అంకెలతో చూపుమని కోర్టు షరతు పెట్టినది. మరల లెక్కయే ప్రధానమైనది.

మఱొక చిక్కు ప్రైవేటు కళాశాలలవలన వచ్చినది. ప్రభుత్వసహాయము పొందని కళాశాలలపై రిజర్వేషనును విధింపరాదని 2005 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలలో అధికసంఖ్యాకములు ప్రైవేటువే యగుటచేత ఈ తీర్పు మన పిల్లలకు దూరపు మాట కాదు. ఆ యేడే పార్లమెంటు 93వ సవరణమును జేసి 15వ అధికరణమునకు 5వ ఖండమును చేర్చెను. అల్పసంఖ్యాకవర్గముల విద్యాలయములు దక్క, సహాయము పొందునవియు పొందనివియు నగు ప్రైవేటు విద్యాలయములలోను శాసనము ద్వారా ప్రత్యేకమైన యేర్పాటు చేయవచ్చునని దాని భావము. 2008లోను, 2014లోను వెలువడిన తీర్పులు దానిని నిలిపినవి. ఇదియు 'చేయవచ్చును' అను వికల్పమే.

2019 జనవరిలో వచ్చిన 103వ సవరణము వేఱొక త్రోవ త్రొక్కినది. ఇతర రిజర్వేషనులు వర్తింపని వర్గములలోని ఆర్థికముగా బలహీనులకు 10 శాతము వఱకు స్థానములు కల్పించుట కది యవకాశ మిచ్చినది. 2022 నవంబరు 7వ తేదీన అయిదుగురు న్యాయమూర్తులలో మువ్వురి యభిప్రాయమున అది నిలిచినది. సాంఘికమైన వెనుకబాటునకు తోడు దారిద్ర్యమును స్వతంత్రమైన కొలబద్దగా రాజ్యాంగమున చేరుట ఇదియే ప్రథమము.

తెలుగువారి ప్రత్యేకసవరణము

తెలుగువారికొఱకే పుట్టిన సవరణము 32వది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట తెలంగాణమువారి యుద్యోగరక్షణలను గూర్చి 1969లో తెలంగాణమునను, ముల్కీ నిబంధనలు చెల్లునని 1972లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట ఆంధ్రప్రాంతమునను మహోద్యమములు చెలరేగెను. 1973 సెప్టెంబరులో నాయకు లంగీకరించిన ఆఱు సూత్రముల పథకమునకు రాజ్యాంగరూప మిచ్చుటకు 371డీ అధికరణము పుట్టి, 1974 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. రాష్ట్రములోని వివిధ ప్రాంతముల స్థానికులకు విద్యోద్యోగములలో సమానావకాశములు కల్పించుటకు రాష్ట్రపతి ఉత్తరువులు జారీచేయు నధికారము దానివలన కలిగెను. దానితో చేరిన 371ఈ అధికరణము ననుసరించి హైదరాబాదున కేంద్రవిశ్వవిద్యాలయము 1974లో వెలసినది. స్థానికత్వము ఎన్నియేండ్ల చదువుచేత నిర్ణయమగునో తెలుపు బడి ధ్రువపత్రముల విలువ మనవారికి తెలిసినది ఈ సవరణముతరువాతనే. రాష్ట్ర విభజనానంతరము రెండు రాష్ట్రములకును 371డీ వర్తించునట్లు ఏర్పాటు చేయబడినది.

ఉక్తము: చెప్పియు చేయనిది

ఇక సూత్రకారులు చెప్పియు ఫలింపనిదాని చరిత్ర. రాజ్యాంగము మొదటనే 45వ అధికరణమున, పదేండ్లలోపల పదునాలుగేండ్లు నిండువఱకు బాలబాలికలందఱకు ఉచితమైన నిర్బంధవిద్య నిచ్చుటకు ప్రభుత్వము ప్రయత్నింపవలెనని చెప్పినది. పదేండ్లు గడచినవి, మఱి నాలుగు పదులు గడచినవి. అది ఆదేశసూత్రమే గాని హక్కు కాకపోవుటచేత కోర్టుకెక్కి యడుగువా రెవరును లేకపోయిరి.

1993లో ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, కాపిటేషను రుసుములను గూర్చి విచారించుచు, సుప్రీంకోర్టు పదునాలుగేండ్లవఱకు విద్య జీవించు హక్కులోని భాగమే యని ప్రకటించెను. ఆ భాష్యమునుండి 2002లో 86వ సవరణము పుట్టినది. 21ఏ అధికరణమువలన ఆఱేండ్లనుండి పదునాలుగేండ్లవఱకు గల బాలబాలికలకు ఉచిత నిర్బంధవిద్య ప్రాథమికహక్కయ్యెను. దాని కనుగుణమైన చట్టము 2009లో వచ్చి, రెండును 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి యమలైనవి. పదేండ్లలో నెఱవేర్పగోరిన కార్యమునకు హక్కుయొక్క రూపము వచ్చుటకు అఱువదియేండ్లు పట్టినది.

ఈ సవరణములో జనులు మఱచు భాగ మొకటి గలదు. 51ఏ అధికరణమున పదునొకండవ కర్తవ్యముగా, ఆ వయస్సు పిల్లలను చదివించు బాధ్యత తల్లిదండ్రులదియు, సంరక్షకులదియు నని చేర్పబడినది. హక్కు బిడ్డది, ధర్మము తండ్రిది, తల్లిది. బడిలో ముప్పదియేండ్లకు మించి పాఠములు చెప్పినవానిగా నేననగలది యిది: బడి మానిన ప్రతి బాలికకు వెనుక ఒక పెండ్లిగాని, ఒక పనిగాని యుండును, ఏ చట్టమును ఆ యింటి గడప దాటి లోనికి పోజాలదు. కులసంఘము పోగలదు.

దురుక్తము: సరిగా చెప్పనిది

చెప్పవలసినదానిని సందిగ్ధముగ చెప్పినచో నెంత చిక్కు కలుగునో 102వ సవరణము చూపినది. 2018 ఆగస్టులో అమలైన యా సవరణము జాతీయ వెనుకబడిన తరగతుల కమిషనునకు రాజ్యాంగప్రతిపత్తి నిచ్చినది. అది మేలే. దానితో చేర్చిన 342ఏ అధికరణమున వెనుకబడిన తరగతులను రాష్ట్రపతి నిర్దేశించునని యుండెను. రాష్ట్రముల పట్టికలు యథాతథముగ నుండునని ప్రభుత్వముయొక్క యుద్దేశము. కాని 2021 మే 5వ తేదీన మరాఠా రిజర్వేషను వ్యాజ్యమున సుప్రీంకోర్టులో నధికసంఖ్యాక న్యాయమూర్తులు శబ్దమును పట్టి చూచి, రాష్ట్రములకు తమ పట్టికలు తాము చేసికొను నధికారము పోయినదని తేల్చిరి. పదుల యేండ్లుగా రాష్ట్రములు నిర్వహించుచున్న పట్టికల యునికి సందేహములో పడినది. మూడు నెలలలో 105వ సవరణము వచ్చి రాష్ట్రముల యధికారమును స్పష్టముగా నిలిపినది. ఉద్దేశము మంచిదైనను శబ్దము సరిగా లేకున్న ఫలము వికటించును. విజ్ఞప్తులు, తీర్మానములు వ్రాయువారికి ఇది మంచి పాఠము.

గ్రామమునుండి శాసనసభవఱకు

ప్రాతినిధ్యమును గూర్చి కొంత చెప్పవలెను. లోక్‌సభలోను, శాసనసభలలోను షెడ్యూల్డు కులములకును తెగలకును కేటాయించిన స్థానములు మొదట పదేండ్లకే యుద్దేశింపబడినవి. 1959నాటి 8వ సవరణము మొదలుకొని 2019నాటి 104వ సవరణమువఱకు పదేసి యేండ్ల చొప్పున అవి పొడిగింపబడుచు వచ్చి, 2030వఱకు నిలుపబడినవి.

గ్రామముల విషయమున 73వ, నగరముల విషయమున 74వ సవరణములు 1993లో నమలులోనికి వచ్చినవి. షెడ్యూల్డు కులములకును, తెగలకును జనాభా ననుసరించి స్థానములు, స్త్రీలకు మూడింట నొకవంతునకు తక్కువ గాకుండ స్థానములు ఇయ్యవలెనని యవి విధించినవి. ఇవి నిత్యవిధులు. వెనుకబడిన తరగతుల విషయమున మాత్రము రాష్ట్రము లియ్యవచ్చునని వికల్పముగ విడిచినవి. 2010లోను, 2021లోను సుప్రీంకోర్టు తీర్పులు చెప్పుచు, స్థానికసంస్థలలో నట్టి కేటాయింపునకు ప్రత్యేకసంఘముచేత సమకాలీనమైన విచారణ జరిపి లెక్క తేల్చవలెననియు, మొత్తము 50 శాతము దాటరాదనియు శాసించెను. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ హైకోర్టు తీర్పువలన స్థానికసంస్థలలో వెనుకబడిన తరగతుల వాటా 34 శాతమునుండి సుమారు 24 శాతమునకు తగ్గెను. తెలంగాణమున 2024లో ఇంటింటి సర్వే జరిగిన మీదట, 2025 సెప్టెంబరులో 42 శాతమునకు జీ.ఓ. వెలువడగా, అక్టోబరులో హైకోర్టు దానిని నిలుపుదల చేసెను. లెక్క లేనిదే పని జరుగదు. లెక్క యున్నను హద్దు నడ్డగించును. ఈ రెండు సంగతులను కలిపి ఎఱుగవలెను.

2023లో వచ్చిన 106వ సవరణము లోక్‌సభలోను శాసనసభలలోను మూడింట నొకవంతు స్థానములను స్త్రీలకు కేటాయించినది. దాని తరువాతి జనాభాగణనయు, నియోజకవర్గముల పునర్విభజనయు జరిగిన పిమ్మట అమలగునట్లు ఆ సవరణము వ్రాయబడినది.

సవరణమునకు సవరింపరానిది

పార్లమెంటు తలచినచో ఈ రక్షణలనన్నిటిని తుడిచివేయగలదా యను ప్రశ్న సహజము. 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున, రాజమహేంద్రవరమున జన్మించిన ప్రధానన్యాయమూర్తి కోకా సుబ్బారావుగారి ధర్మాసనము ప్రాథమికహక్కులను తగ్గించు నధికారము పార్లమెంటునకు లేదని ఆఱుగు రయిదుగురి భేదముతో తీర్పు చెప్పెను. 1971లో 24వ సవరణము ఆ యధికారము కలదని చేర్చెను. 1973 ఏప్రిల్ 24వ తేదీన పదుమువ్వురు న్యాయమూర్తులు కేశవానంద భారతి వ్యాజ్యమున, ఏడుగు రాఱుగురి భేదముతో మధ్యేమార్గమును చూపిరి. ఏ యధికరణమునైనను సవరింపవచ్చును. రాజ్యాంగముయొక్క మౌలికస్వరూపమును మాత్రము చెఱుపరాదు.

అత్యవసరపరిస్థితికాలమున 1976లో 42వ సవరణము సవరణములను న్యాయస్థానములు ప్రశ్నింపరాదని ప్రకటించినది. ఆ భాగమును 1980లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. 1978నాటి 44వ సవరణము జీవించు హక్కును ఏ యత్యవసరమునను నిలుపరాదని విధించి, ఆస్తిహక్కును ప్రాథమికహక్కులనుండి తొలగించినది. వార్తికము సూత్రమును సవరింపగలదు గాని శాస్త్రమునే కూల్చరాదని దీని సారము. వ్యాకరణమున కాత్యాయనుడు పాటించిన మర్యాదయు నిదియే.

మన కర్తవ్యము

ఈ చరిత్రనంతటిని గ్రహించి చూడగా తేలున దొక్కటి. సవరణము ద్వారమును తెఱచును. చేయిపట్టి లోనికి కొనిపోదు. ద్వారమువద్ద నిలిచి అర్హతను చూపుమని యడుగువారికి చూపవలసినది ఆవేశము కాదు, పూర్వవైభవ వర్ణనము కాదు, లెక్క.

దేశమున కులములనన్నిటిని గణించిన జనాభాలెక్క చివరిసారి ప్రకటింపబడినది 1931లో. 2025 ఏప్రిల్ 30వ తేదీన కేంద్రమంత్రివర్గము తరువాతి జనాభాగణనలో కులగణనమును చేర్చుటకు నిర్ణయించినది. లెక్క వ్రాయువాడు గుమ్మమునకు వచ్చినప్పుడు మనవారు తమ కులనామమును ఒక్కొక్కయూర నొక్కొక్క తీరున చెప్పినచో, ఒకే సమాజము పదియై చీలి కాగితముపై కనుమఱుగగును. ఇది వట్టి భయము కాదు; ఇంటిపేరును, వృత్తిపేరును, బిరుదును కులముగా చెప్పుట మనలో నెల్లెడ నున్న యలవాటు.

కావున ఈ మహాసభవారికి నా విన్నప మిది. ప్రతి గ్రామశాఖయు నొక పుస్తకము నుంచవలెను. అందు కుటుంబములెన్ని, వృత్తులేవి, బడి యీడు పిల్లలెందఱు, బడి మానినవారెందఱు, వారిలో బాలికలెందఱు, పదవతరగతి దాటినవారెందఱు, ప్రభుత్వోద్యోగులెందఱు, సెంటు భూమియైన లేనివారెందఱు అను సంగతులు ఏటేట సత్యముగా వ్రాయవలెను. మన కనుకూలమైన యంకె పెంచి, ప్రతికూలమైన యంకె దాచినచో ఆ పుస్తకము మొదటి ప్రశ్నకే చిరిగిపోవును. మనలో కలిగినవారెందఱో అదియు వ్రాయవలెను. అట్టి పుస్తకము చేత నుంచుకొని కమిషనులముందు నిలిచిన సంఘము ఏ పట్టికలో నున్నదైనను, ఏ పట్టికలోను లేనిదైనను, దాని మాటకు విలువ యుండును. పోషకమహాశయులు భవనములకును, సత్రములకును దానము చేయుచున్నారు. ఈ పుస్తకములు వ్రాయు యువకులకు కొంత వేతన మిచ్చుటయు నట్టి దానమే.

1968లో ఓడిన పట్టిక 1972లో గెలుచుటకు కారణము జిల్లాలు తిరిగి వ్రాసికొన్న కాగితములు. వచ్చు మహాసభనాటికి మన జిల్లాలలో నూఱు గ్రామముల పుస్తకములైన సిద్ధమై, ఆ లెక్కల సంగ్రహము ఈ సంచికయందే అచ్చుపడుగాక యని కోరుచున్నాను.